పేటెంటు పత్రాలలో ఆర్‌ఎఫ్‌ఐడి: పేరుకు ముందున్న చరిత్ర

వ్యాససంగ్రహం

రేడియో తరంగాల ద్వారా వస్తువులను, వాహనాలను, మనుషులను గుర్తించే ఆర్‌ఎఫ్‌ఐడి సాంకేతికతకు ఆద్యులెవరన్న ప్రశ్నకు ప్రచారంలో ఉన్న సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు. పేటెంటు పత్రాలను నేటి పేరుతో వెతకడం, శీర్షికను చూసి విషయాన్ని ఊహించడం ఈ చిక్కుకు ప్రధాన కారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1960-1983 మధ్య వెలువడిన కొన్ని అమెరికా పేటెంట్లనూ, వాటికి వెలుపల ఉన్న ఆధారాలనూ పరిశీలించి, సాంకేతిక చరిత్ర రచనకు పేటెంటు ఎటువంటి సాక్ష్యమో చర్చిస్తుంది.

కీలకపదాలు: పేటెంటు, క్లెయిము, ట్రాన్స్‌పాండరు, కార్డుల్లో, వాల్టన్, వర్గీకరణ, ఫాస్టాగ్.

1. ఒక ట్యాగులో మూడు ఆలోచనలు

టోల్ గేటు దగ్గర ఆగే వాహనపు అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. పైనున్న రీడరు పంపే రేడియో తరంగంలోని శక్తితోనే అందులోని చిప్పు పనిచేస్తుంది. అది సొంతంగా కొత్త తరంగాన్ని పుట్టించదు. తన మీద పడిన తరంగాన్నే మార్పులతో తిప్పి పంపుతుంది. ఆ మార్పులలో దాని గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య నిలిచేది చిప్పులోని మెమరీలో. అవసరమైతే బయటినుంచి కొత్త సమాచారాన్ని ఆ మెమరీలో రాయవచ్చు.

అంటే వేలెడంత పట్టీలో మూడు వేర్వేరు ఆలోచనలు కలిసి ఉన్నాయి: శక్తిని బయటినుంచి తీసుకోవడం, పరావర్తనం ద్వారా జవాబు చెప్పడం, రాయదగిన మెమరీని కలిగి ఉండడం. ఈ మూడూ ఒకే వ్యక్తికి ఒకేసారి తట్టినవి కావు. అందువల్ల 'ఆర్‌ఎఫ్‌ఐడిని కనిపెట్టినదెవరు?' అన్న ప్రశ్న వేసే ముందు, ఏ ఆలోచనను కనిపెట్టినదెవరని అడుగుతున్నామో తేల్చుకోవాలి. చాలా రచనలు ఆ పని చేయకుండానే ఒక పేరునూ ఒక తేదీనీ ఇచ్చి ముందుకు సాగుతున్నాయి. ఇచ్చే పేర్లలో ఎక్కువసార్లు కనిపించేవి రెండు: మారియో కార్డుల్లో, చార్లెస్ వాల్టన్. తేదీ మాత్రం ఇద్దరికీ 1973.

2. పేరుతో వెతికితే దొరకనివి

ఆర్‌ఎఫ్‌ఐడి అన్న సంక్షిప్త నామంతో ముడిపడిన తొలి పేటెంటుగా సాధారణంగా చెప్పేది 1983 మే 17న వాల్టన్‌కు మంజూరైన 4,384,288వ అమెరికా పేటెంటును. దాని శీర్షికలో కూడా ఆ నాలుగక్షరాల మాట లేదు. 'రేడియో తరంగాలను వెలువరించే చేతి గుర్తింపు సాధనం' అన్న అర్థం వచ్చే శీర్షిక మాత్రమే ఉంది. కనుక నేటి పేరును కీలకపదంగా పెట్టుకొని డేటాబేసులో వెతికే పరిశోధకుడికి ఈ సాంకేతికత 1980 దశకంలో హఠాత్తుగా ఊడిపడినట్టు కనిపిస్తుంది.

నిజానికి అంతకు రెండు దశాబ్దాల ముందునుంచే పత్రాలున్నాయి. డి. బి. హ్యారిస్ 1952లో దాఖలు చేసిన దరఖాస్తుకు 1960 మార్చి 1న 2,927,321వ పేటెంటు వచ్చింది. సొంత శక్తి లేని 'ప్రతిస్పందకం' తనకు చేరిన తరంగాన్ని మార్చి తిప్పిపంపే రేడియో వ్యవస్థ దాని విషయం. రాబర్ట్ రిచర్డ్‌సన్‌కు 1963లో మంజూరైన 3,098,971వ పేటెంటు దూరంనుంచి రేడియో శక్తితోనే మేల్కొని పనిచేసే పరికరాల గురించినది. 1967లో విండింగ్, 1968లో వోగెల్‌మన్ పొందిన పేటెంట్లు కూడా ఈ కోవకే చెందుతాయి. విండింగ్ తన వ్యవస్థను 'ప్రశ్నించేది - జవాబిచ్చేది' అన్న జంటమాటతో పిలిచాడు. వోగెల్‌మన్ రాడార్ ప్రతిధ్వనుల భాషలో మాట్లాడాడు. ఈ నాలుగింటి శీర్షికల్లోనూ నేటి పేరు కనబడదు. వాటిలోని పదజాలం రాడార్ ఇంజనీర్లది.

ఇది కేవలం పర్యాయపదాల సమస్య కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో వచ్చే విమానం మిత్రులదా శత్రువులదా తేల్చడానికి, రాడార్ ప్రశ్నకు విమానంలోనుంచి జవాబిచ్చే పెట్టెలను బ్రిటన్ మొదలైన దేశాలు వాడాయి. ప్రసారిణి, ప్రతిస్పందకం అన్న అర్థాలిచ్చే రెండు ఇంగ్లీషు మాటలను కలిపి చేసిన 'ట్రాన్స్‌పాండరు' ఆ సంప్రదాయానికి చెందిన మాట. దానినే కార్డుల్లో 1973లో తన పేటెంటు శీర్షికగా పెట్టుకున్నాడు. దుకాణంలో సరుకునో, పశువు చెవినో, తలుపు తాళాన్నో తలచుకొని వెతికేవారికి యుద్ధవిమానాల మాట తట్టదు.

3. పేటెంటు కాని పునాదులు

ఈ చరిత్రకు మొదటి సైద్ధాంతిక పత్రంగా చెప్పదగినది అసలు పేటెంటే కాదు. 1948 అక్టోబరులో అమెరికాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో హ్యారీ స్టాక్‌మన్ ప్రచురించిన వ్యాసమది. పరావర్తనం చెందిన శక్తితోనే సమాచారాన్ని పంపడం సాధ్యమని ఆయన అందులో వివరించాడు. ఆచరణలోకి రావడానికి ఇంకా చాలా పరిశోధన జరగవలసి ఉందని కూడా అన్నాడు. పేటెంటు చట్టం దృష్టిలో ఇటువంటి వ్యాసానికి ప్రత్యేక స్థానముంది. దానివల్ల ఎవరికీ గుత్తహక్కు రాదు. కాని ఒకసారి అచ్చయిన విషయాన్ని ఆ తరువాత ఎవరూ తమ కొత్త ఆవిష్కరణగా చెప్పుకోలేరు.

రెండవ ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. 1945 ఆగస్టులో సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారి ఏవరెల్ హారిమన్‌కు కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్రను బహూకరించారు. అది రాయబారి నివాసంలో ఏళ్ల తరబడి వేలాడింది. లోపల లెవ్ టెర్మెన్ రూపొందించిన చిన్న లోహపు డొల్ల, దానికి ఒక యాంటెన్నా ఉన్నాయి. బ్యాటరీ లేదు, తీగలు లేవు. బయటినుంచి రేడియో తరంగాన్ని ప్రసరింపజేసినప్పుడు మాత్రమే అది పనిచేసి, గదిలోని మాటలను పరావర్తిత తరంగం మీద చేరవేసేది. సంగీత చరిత్రకారులకు టెర్మెన్ చేతితో తాకకుండా వాయించే థెరమిన్ వాద్య నిర్మాతగా తెలుసు. 1952లో ఈ పరికరం దొరికింది. 1960 మేలో హెన్రీ కాబట్ లాడ్జ్ దానిని ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శించేవరకు లోకానికి తెలియలేదు.

అంటే హ్యారిస్ పేటెంటు వెలువడిన మూడు నెలలలోపే టెర్మెన్ పరికరం బయటపడింది. అప్పటికి దానికి పదిహేనేళ్లు. కాలక్రమంలో ముందున్నది టెర్మెన్ పనే. అయినా పేటెంటు రికార్డును మాత్రమే నమ్ముకున్న చరిత్రలో ఆయనకు చోటుండదు. ఆయనను ఆర్‌ఎఫ్‌ఐడి పితామహుడనడం కూడా అతిశయోక్తే. రాజముద్రలోని పరికరం ఎవరినీ గుర్తించదు, దానికి సంఖ్య లేదు, మెమరీ లేదు. మొదటి విభాగంలో చెప్పిన మూడు ఆలోచనలలో మొదటి రెండే అందులో ఉన్నాయి.

రహస్యం సోవియట్ పక్షానికే పరిమితం కాదు. దేశభద్రత పేరిట పేటెంటు దరఖాస్తులను దాచి ఉంచే అధికారాన్ని అమెరికా ప్రభుత్వానికి 1951 నాటి ఆవిష్కరణల గోప్యతా చట్టం ఇచ్చింది. గూఢలిపి నిపుణుడు విలియం ఫ్రీడ్‌మన్ 1933లో దాఖలు చేసిన ఒక దరఖాస్తుకు పేటెంటు 2000లో గాని రాలేదు. అప్పటికి ఆయన కన్నుమూసి మూడు దశాబ్దాలు దాటింది. రాడార్ సంబంధమైన రంగంలో పనిచేసే చరిత్రకారుడు పేటెంటు రికార్డులోని మౌనాన్ని 'ఏమీ జరగలేదు' అని అనువదించుకోకూడదు.

4. 1973: రెండు పేటెంట్లు, రెండు వాదాలు

కార్డుల్లో తరువాతి కాలంలో రాసిన జ్ఞాపకాల ప్రకారం, ఆలోచనకు మూలం 1969లో ఒక విమాన ప్రయాణంలో ఐబిఎం ఇంజనీరుతో జరిగిన సంభాషణ. అమెరికా రైల్వేలు అప్పట్లో వ్యాగన్ల పక్కన రంగుల పట్టీలు అంటించి, పట్టాల పక్కనున్న కాంతి స్కానరుతో వాటిని చదివించేవి. పట్టీలకు మట్టి, మసి పట్టి చదవడం కష్టమై 1970 దశకం చివరికి రైల్వేలు ఆ పద్ధతిని వదులుకున్నాయి. కార్డుల్లో 1970 మే 21న దరఖాస్తు చేశాడు. 1973 జనవరి 23న విలియం పార్క్స్‌తో కలిపి ఆయనకు 3,713,148వ పేటెంటు వచ్చింది. ఈ లోగా 1971లో 16 బిట్ల మెమరీ ఉన్న ట్రాన్స్‌పాండరును టోల్ వసూలు సాధనంగా న్యూయార్క్ పోర్ట్ అథారిటీకి ప్రదర్శించి చూపారు.

వాల్టన్‌కు అదే సంవత్సరం ఆగస్టు 14న 3,752,960వ పేటెంటు మంజూరైంది. ఆయన దృష్టి తలుపు మీద ఉంది. మనిషి దగ్గర ఒక కార్డు, అందులో నిర్ణీత పౌనఃపున్యాల వద్ద అనునాదం చెందే సర్క్యూట్లు. కార్డు దగ్గరకు వచ్చినప్పుడు రీడరులోని సర్క్యూటు మీద పడే ప్రభావాన్ని బట్టి అది సరైన కార్డో కాదో తేలుతుంది. తాళాల కంపెనీ ష్లేగ్ ఈ పరిజ్ఞానానికి లైసెన్సు తీసుకుంది.

ఇప్పుడు ప్రచారంలో ఉన్న కథనాలను చూడండి. ఒక పరంపర రచనలు కార్డుల్లోది 'సొంత బ్యాటరీతో నడిచే, తిరగరాయదగిన మెమరీ ఉన్న' ట్యాగుకు తొలి పేటెంటనీ, బ్యాటరీ లేని ట్యాగుకు తొలి పేటెంటు వాల్టన్‌దనీ పంచిపెడతాయి. మరొక పరంపర కార్డుల్లో పరికరమే బ్యాటరీ లేనిదంటుంది. రెండూ నిజం కాలేవు. మొదటి పంపకం చదవడానికి చక్కగా ఉంటుంది. ఇద్దరికీ చెరొక కిరీటం దక్కుతుంది. కాని పత్రం దానిని సమర్థించదు. కార్డుల్లో పేటెంటు సారాంశం, ఉత్తమమని ఆవిష్కర్తలు భావించిన రూపంలో ట్రాన్స్‌పాండరు ప్రశ్నా సంకేతంనుంచే తన శక్తిని తయారుచేసుకుంటుందని స్పష్టంగా చెబుతుంది. అదే సమయంలో అది ఒక 'రూపం' మాత్రమేనని కూడా చెబుతుంది. సారాంశం ముందుపీటన నిలబెట్టేది శక్తిని కాదు, మార్చదగిన మెమరీని: బయటినుంచి వచ్చిన సంకేతం ఆదేశం మేరకు అందులో రాయడం, అందులోనుంచి చదివి జవాబు పంపడం. కార్డుల్లో తెచ్చిన కొత్తదనాన్ని అక్కడ వెతకాలి. శక్తిని బయటినుంచి తీసుకోవడం రిచర్డ్‌సన్ పదేళ్ల ముందే చెప్పిన సంగతి.

పేటెంటులో వర్ణన వేరు, క్లెయిము వేరు. వర్ణనలో ఆవిష్కర్త తన పరికరాన్ని, దాని ఉపయోగాలను ఎంత విస్తారంగానైనా చెప్పవచ్చు. కార్డుల్లో బృందం 1969లోనే పెట్టుబడిదారులకు చూపిన ప్రణాళికలో టోల్, బ్యాంకింగ్, ద్వారాల భద్రత, రోగుల గుర్తింపు వంటివన్నీ ఉన్నాయి. అటువంటి జాబితాలను చూసి 'నేటి ప్రపంచాన్ని అప్పుడే ఊహించాడు' అని మురిసిపోవడం సులభం. చట్టం రక్షించేది మాత్రం చివరన సంఖ్యలు వేసి రాసిన క్లెయిములనే. పరిశీలకుడు అభ్యంతరం చెప్పినప్పుడు కుదించుకుంటూ, మాట మార్చుకుంటూ రాసినవి గనుక, అప్పటికి తెలిసిన పరిజ్ఞానానికీ కొత్త దావాకూ మధ్య సరిహద్దు గీత కనిపించేది అక్కడే. శాసనంలో ప్రశస్తిని వదిలి దానభూమి ఎల్లలను చదివే చరిత్రకారుడి పని లాంటిదే ఇది.

ఈ కొలమానంతో చూస్తే ఫాస్టాగ్‌కు సాంకేతికంగా అతి దగ్గరి పూర్వీకుడు కార్డుల్లో గాని వాల్టన్ గాని కాదని నా అభిప్రాయం. లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆల్‌ఫ్రెడ్ కోలె, స్టీవెన్ డెప్, రాబర్ట్ ఫ్రేమన్ 1973లో 915 మెగాహెర్ట్జ్ వద్ద, 12 బిట్ల ట్యాగులతో, తరంగాన్ని మార్చి తిప్పిపంపే పద్ధతిని ప్రదర్శించారు. 1975లో వ్యాసంగా ప్రచురించారు. సహచరుడు బాల్డ్‌విన్‌తో కలిసి వారికి 1978లో వచ్చిన 4,075,632వ పేటెంటుకు హక్కుదారు అమెరికా ప్రభుత్వం. వ్యక్తికథ లేని పేటెంటు ఇది. 'పితామహుడు' అన్న బిరుదుల పోటీలో ఈ బృందం పేరు తక్కువగా వినిపించడానికి అది ఒక కారణం కావచ్చు. అణు పదార్థాల జాడ తెలుసుకోవడం, పశువుల గుర్తింపు వంటి అవసరాలు ఆ ప్రయోగశాల పనికి నేపథ్యం. అక్కడినుంచి బయటికి వచ్చినవారు పెట్టిన ఆమ్‌టెక్ సంస్థ తరువాత రైలు వ్యాగన్లకు, టోల్ రహదారులకు ట్యాగులు అందించింది. రంగుల పట్టీలు విఫలమైన అమెరికా రైల్వేలు 1990 దశకం తొలి సంవత్సరాల్లో ఈ రేడియో ట్యాగులనే ప్రమాణంగా స్వీకరించాయి.

5. వర్గీకరణ అనే దారి

పేరు దారి చూపనప్పుడు పరిశోధకుడికి మిగిలేది వర్గీకరణ. పేటెంటు కార్యాలయాలు పత్రాలను విషయాన్ని బట్టి తరగతులుగా విభజిస్తాయి. ట్రాన్స్‌పాండరు పేటెంట్లు అమెరికా పాత వర్గీకరణలో రాడార్ పక్కన 343వ తరగతిలోనూ, ఆపైన 342వ తరగతిలోనూ చేరాయి. దుకాణ దొంగతనాలను పట్టే ట్యాగులు విద్యుత్ సంకేతాల తరగతి అయిన 340లోకి వెళ్లాయి. అంతర్జాతీయ వర్గీకరణలో చెదిరిపోవడం ఇంకా ఎక్కువ: చిప్పు ఉన్న కార్డులు జి06కెలో, రాడార్ తరహా ట్యాగులు జి01ఎస్‌లో, ద్వార ప్రవేశం జి07సిలో, టోల్ వసూలు జి07బిలో, పశువుల గుర్తింపు ఏ01కెలో. గ్రంథాలయ శాస్త్రం తెలిసినవారికి ఇది కొత్త అనుభవం కాదు. ఒకే విషయం మీది పుస్తకాలు అయిదు అలమరల్లో ఉన్నట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డేటాబేసులు నేడు చూపే తరగతులు తరువాత పునర్వర్గీకరణలో ఇచ్చినవి కావచ్చు. అమెరికా, ఐరోపా కార్యాలయాల ఉమ్మడి వర్గీకరణ 2013లో గాని అమలులోకి రాలేదు. 1960 నాటి పరిశీలకుడు ఆ ఆవిష్కరణను ఏమనుకున్నాడో తెలియాలంటే మూల పత్రం మీద అచ్చయిన తరగతిని చూడాలి. మరో ఆధారం, పత్రంలో ఉదహరించిన పూర్వ పేటెంట్ల జాబితా. అమెరికా పేటెంట్లలో దీనిని 1947నుంచి అచ్చువేస్తున్నారు. ఆ జాబితా వెంట వెనక్కి నడవవచ్చు. ఒక పత్రాన్ని తరువాత ఎవరు ఉదహరించారో చూసి ముందుకూ నడవవచ్చు. అమెరికా కార్యాలయపు పాఠ్య డేటాబేసు 1976నుంచే మొదలైంది. అంతకు ముందువాటిని సంఖ్య, తేదీ, తరగతులతోనే పట్టుకోవలసి వచ్చేది. 2006లో గూగుల్ పాత పత్రాల బొమ్మలనుంచి యంత్రంతో పాఠాన్ని రాబట్టి అందుబాటులోకి తెచ్చాక పని తేలికైంది. కాని ఆ పాఠంలో అక్షరదోషాలుంటాయి. కీలకపదం దొరకలేదంటే మాట లేదని అర్థం కాకపోవచ్చు. యంత్రం దానిని తప్పు చదివి ఉండవచ్చు.

6. గడువు తీరిన తరువాత వచ్చిన విపణి

నాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు ఆయువు మంజూరైన నాటినుంచి 17 ఏళ్లు. 1973 నాటి రెండు పేటెంట్లూ 1990లో ముగిశాయి. ఓక్లహామాలో వాహనాలు రహదారి వేగంతో సాగుతుండగానే టోల్ చెల్లించే వ్యవస్థ మొదలైనది 1991లో. కార్డుల్లో తన నమూనాను చూపిన న్యూయార్క్‌లో ఈజీపాస్ వచ్చినది 1993లో. ట్యాగుకు కావలసిన చవకైన చిప్పులు రాకముందే ఆలోచన మీది హక్కు కరిగిపోయింది.

డబ్బు తరువాతి తరం పేటెంట్లలో ఉంది. 1999లో ఎంఐటిలో మొదలైన ఆటో-ఐడి కేంద్రం ట్యాగును అతి చవకగా చేసి ప్రతి సరుకుకూ అంటించాలన్న లక్ష్యం పెట్టుకుంది. 2003లో వాల్‌మార్ట్ తన వంద మంది పెద్ద సరఫరాదారులు 2005 జనవరికల్లా ట్యాగులు వాడాలని కోరింది. రెండవ తరం ప్రమాణం 2004 డిసెంబరులో ఆమోదం పొందింది. అదే సంవత్సరం ఇంటర్‌మెక్ సంస్థ మాట్రిక్స్ మీద పేటెంటు ఉల్లంఘన దావా వేసింది. ఇంటర్‌మెక్ చేతిలోనివాటిలో ఐబిఎం దగ్గర కొన్న పేటెంట్లు కూడా ఉన్నాయి. ఈలోగా మాట్రిక్స్‌ను కొనుక్కున్న సింబల్ సంస్థతో 2005లో రాజీ కుదిరింది. రాయల్టీ లేని ప్రమాణం సాధ్యమా అన్న చర్చ అప్పుడు తీవ్రంగా నడిచింది. ఇటువంటి వివాదాలలో హ్యారిస్, రిచర్డ్‌సన్, స్టాక్‌మన్ వంటివారి పాత పత్రాలకు కొత్త విలువ వస్తుంది. ఎదుటివారి క్లెయిము కొత్తది కాదని చూపడానికి గడువు తీరిన పేటెంటు, అచ్చయిన వ్యాసం సమానంగా పనికివస్తాయి. వెతికేది న్యాయవాది అయినా చరిత్రకారుడైనా పత్రం అదే. న్యాయవాదికి ఒక్క ముందస్తు పత్రం దొరికితే చాలు, చరిత్రకారుడికి చాలదు.

7. భారతీయ రికార్డుల సంగతి

పేటెంటు హక్కు దేశం ఎల్లలు దాటదు. భారతదేశం పారిస్ ఒప్పందంలోనూ పేటెంటు సహకార ఒప్పందంలోనూ చేరినది 1998 డిసెంబరులో. కాబట్టి 1973లో మంజూరైన అమెరికా పేటెంట్ల దరఖాస్తుల ఆధారంగా ఆ ఒప్పందాల ద్వారా ఇక్కడ ప్రాధాన్య తేదీ కోరే వీలు లేదు. భారతీయ పేటెంటు రికార్డులో తొలితరం ఆర్‌ఎఫ్‌ఐడి జాడ పలచగా ఉంటే దానికి చట్టపరమైన కారణం ఇదీ ఒకటి. ఆసక్తి లేకపోవడమే కారణమని తేల్చడం తొందరపాటు.

మన దేశంలో ఈ సాంకేతికత ప్రవేశాన్ని అధ్యయనం చేసేవారికి పేటెంట్లకన్నా పాలనా పత్రాలే ముఖ్య ఆధారాలని తోస్తుంది. 865-867 మెగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవచ్చని 2005లో కేంద్రం ప్రకటించింది. టోల్ వసూలుకు ఏ పద్ధతి అనుసరించాలో తేల్చడానికి నందన్ నీలేకని అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2010లో బ్యాటరీ లేని, రెండవ తరం ప్రమాణపు ట్యాగును సిఫారసు చేసింది. 2021 ఫిబ్రవరినుంచి జాతీయ రహదారుల టోల్ గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. తెలుగు రాష్ట్రాల దరఖాస్తుదారులకు పేటెంటు వ్యవహారాలలో పరిధి చెన్నై కార్యాలయానిది. టోల్, గ్రంథాలయం, పశుసంవర్ధకం వంటి రంగాలలో ఇక్కడివారు దాఖలు చేసిన దరఖాస్తులను ముందు తరగతుల వారీగానూ, ఆ తరువాతే పేరుతోనూ వెతికి, నీలేకని సంఘం నివేదికతో పక్కపక్కన పెట్టి చదవవలసిన పని మిగిలే ఉంది.